రెండో సంతకం

నూట నలభై ఆరో వాల్వ్ దగ్గర టాక్ యోంగ్షిక్ మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగు విప్పి, చక్రాన్ని వట్టిచేత్తో పట్టుకుని కుడివైపు తిప్పి చూశాడు. కదల్లేదు. పూర్తిగా మూసి ఉంది. మూసే ఉండాలి. అయినా తృప్తి లేక టార్చి వేసి, సూచిక ముల్లు గీత మీద ఉందా, వెంట్రుకవాసి పక్కకు జరిగిందా అని కళ్ళు చికిలించి చూశాడు. గీత మీదే ఉంది. నిట్టూర్చి, కాగితంలో రెండో గడిలో సంతకం పెట్టాడు. మొదటి గడిలో అప్పటికే చే మాన్‌బోక్ సంతకం ఉంది, గుండ్రంగా, నింపాదిగా, ఎక్కడా తడబాటు లేకుండా. ఆ సంతకం చూస్తేనే యోంగ్షిక్‌కు ఒళ్ళు మండుతుంది.

నవంబరు చివరివారం, పొద్దున పదిన్నర. జిరాఫీ నాలుగో అంతస్తులో నేలంతా ఇనుప జల్లెడ. కిందికి చూస్తే మూడంతస్తుల లోతు కనిపించి కొత్తవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. యోంగ్షిక్ ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇలాంటి నేల మీదే తిరుగుతున్నాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి, లావు మెడ, దొడ్డికాళ్ళు. కళ్ళద్దాలు జారి కింద పడకుండా వెనక దారం కట్టుకుంటాడు. కుడి మణికట్టు మీద వెల్డింగు రవ్వలు పడిన మచ్చలు ఆవాలు చల్లినట్టుంటాయి. నలుగురిలో నోరు పెగలదు. మాట గొంతుదాకా వస్తుంది, అక్కడ కాస్త ఆలోచించుకుని వెనక్కి పోతుంది.

జిరాఫీ అని పేరు పెట్టింది పనివాళ్ళే. అణు రియాక్టరుకు అది నకలు. ఎత్తులో తేడా లేదు, లావులోనే తేడా. ఏడంతస్తులు సన్నగా లేచి నిలబడుతుంది. లోపల యురేనియం ఉండదు, కరెంటుతో కాగే కడ్డీలుంటాయి. వాటిని బాగా కాచి, కావాలని ఒక పైపు తెగ్గొట్టి, పంపులన్నీ ఆపేసి, ఇక ఏమవుతుందో చూద్దామని చేతులు కట్టుకుని కూర్చోవడమే ఆ సంస్థలో జరిగే పరిశోధన. ఏడో అంతస్తులోని తొట్టె నుంచి నీళ్ళు, ఏ మోటారూ తోడు లేకుండా, ఏ మనిషీ మీట నొక్కకుండా, తమ బరువుకు తామే దిగివచ్చి కడ్డీలను చల్లార్చాలి. దిగివస్తే, ఎక్కడో సముద్రం ఒడ్డున కట్టబోయే అసలు రియాక్టరు పక్క ఊళ్ళవాళ్ళు నిశ్చింతగా నిద్రపోతారు. రాకపోతే ఇక్కడ కడ్డీలతోపాటు పెద్ద పెద్ద పీహెచ్‌డీ డాక్టర్ల మొహాలు కూడా మాడతాయి.

ప్రతి పరీక్షకు ముందు మూడొందల పన్నెండు వాల్వులు ఉండాల్సిన తీరులో ఉన్నాయో లేదో ఇద్దరు మనుషులు చూడాలి. మొదటివాడు తిప్పి సంతకం పెడతాడు. అరగంట ఆగి రెండోవాడు ఒంటరిగా వచ్చి, మొదటివాడు అసలు రానే లేదనుకుని మళ్ళీ చేత్తో పట్టి చూసి సంతకం పెడతాడు. రెండోవాడి ఉద్యోగమంతా మొదటివాణ్ణి నమ్మకపోవడమే. రాసుకోవడానికి బాగానే ఉంది. కానీ పదేళ్ళు పక్కన కూర్చుని అన్నం తిన్నవాడు తిప్పిన చక్రాన్ని మళ్ళీ తిప్పి చూడాలంటే ఎవరికీ చెయ్యి రాదు. మనవాడే కదా చేసింది అనుకుని నిలబడ్డచోటే ఇరవై సంతకాలు గీసి పారేస్తారు. ఆ సంస్థలోనే కాదు, లోకంలో ఎక్కడైనా అంతే.

యోంగ్షిక్ మాత్రం ఒక్కటీ వదలడు. వంగి, పాకి, నిచ్చెనెక్కి, మూడొందల పన్నెండింటినీ చేత్తో పట్టి చూస్తాడు. అది బుద్ధిమంతుడి లక్షణమని పైవాళ్ళు అనుకుంటారు. అసలు సంగతి వేరు. పందొమ్మిదేళ్ళుగా ఆయనకు జీవితంలో ఒక్కటే కోరిక ఉంది. చే మాన్‌బోక్ ఒక్క తప్పు చెయ్యాలి. ఒకే ఒక్కటి. దాన్ని తను పట్టుకోవాలి. పందొమ్మిదేళ్ళుగా ఆ మహానుభావుడు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.

ఇద్దరూ ఒకే నెలలో పనిలో చేరారు. ఒకే హోదా, ఒకే వయసు. మొదటి పదేళ్ళూ ఒకే గిన్నెలో చెంచాలు ముంచుకుని తిన్నారు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకున్నారు. పందొమ్మిదేళ్ళ కిందట, పాత జిరాఫీ రోజుల్లో, వరసగా మూడు పరీక్షల్లో పైతొట్టె నీళ్ళు దిగలేదు. డాక్టర్లు లెక్కలు వేసుకుని జుట్టు పీక్కున్నారు. ఆ మధ్యాహ్నం ఆరో అంతస్తు మెట్ల మీద కూర్చుని యోంగ్షిక్ అడ్డంగా పోయే పైపు వంక చూస్తూ, "దీన్లో గాలి ఇరుక్కుంటోందిరా. బొటనవేలంత వాలు పెడితే గాలి పైకి పోయి నీళ్ళు దిగుతాయి" అని గొణిగాడు. పక్కన మాన్‌బోక్ గిన్నెలో నూడుల్స్ తింటున్నాడు. ఊఁ కొట్టాడు. మర్నాడు సమావేశంలో, ముప్ఫైమంది ముందు, అదే మాటను మాన్‌బోక్ లేచి గట్టిగా చెప్పాడు.

వాలు పెట్టారు. నీళ్ళు దిగాయి. చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి సంస్థలో దానికి 'మాన్‌బోక్ వాలు' అని పేరు పడింది. మొదట సరదాగా అనేవారు. తర్వాత నకషాల్లో అలాగే రాశారు. ఇప్పుడు సముద్రం ఒడ్డున కట్టే అసలు రియాక్టరు కాగితాల్లో కూడా ఆ పేరే ఉందట. అది నాది అని యోంగ్షిక్ ఎవరితోనూ అనలేదు. అప్పుడే అనవలసింది, గొంతు పెగల్లేదు. వారం గడిచాక అంటే ఏడుపుగొట్టువాడంటారు. ఏడాది గడిచాక అంటే పిచ్చివాడంటారు. ఆయన చేసిందల్లా ఒకటే. మర్నాటి నుంచి మాన్‌బోక్‌ను ఒరేయ్ అనడం మానేశాడు. చే గారూ, మీరు, రండి, వెళ్ళండి. అంత మర్యాదగా ఎవరూ ఎవరినీ తిట్టి ఉండరు.

మాన్‌బోక్‌కు అది తిట్టని కూడా తెలియలేదు. కొన్నాళ్ళు నవ్వి ఊరుకున్నాడు.

ఇక ఆ తర్వాత ఆయనకు దక్కిందల్లా యోంగ్షిక్ కంట్లో నలుసైంది. మూడేళ్ళ కిందట పాతదాన్ని పీకేసి కొత్త జిరాఫీని నిలబెట్టినప్పుడు, ఆనవాయితీ ప్రకారం పందితల పెట్టి, బియ్యపు రొట్టెలు పేర్చి, అందరూ వంగి మొక్కారు. డైరెక్టరు మొక్కగానే, "తర్వాత మా మాన్‌బోక్ గారు" అన్నాడు. నాలుగు మూలలా కల్లు చిలకరించే గౌరవం కూడా ఆయనకే. యోంగ్షిక్ పదిహేడోవాడుగా మొక్కాడు. తనే లెక్కపెట్టుకున్నాడు, ఇంకెవరికీ పట్టలేదు. ఇంట్లో సైతం మనశ్శాంతి లేదు. చలికాలం ముల్లంగి పచ్చడి పెట్టిన ప్రతిసారీ భార్య సున్‌రే ఒక డబ్బా వేరుగా సర్ది, "పాపం, ఆయనకు వండిపెట్టే దిక్కులేదు. మీరే తీసుకెళ్ళి ఇవ్వండి" అంటుంది. మాన్‌బోక్ భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ డబ్బాను బస్సులో ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళేది ఎవరు? యోంగ్షిక్.

అయిదో అంతస్తుకు ఎక్కేసరికి పైనుంచి బూట్ల చప్పుడు వినిపించింది. మాన్‌బోక్ దిగుతున్నాడు. పొడుగాటి మనిషి, నెరిసినా ఒత్తుగా ఉన్న జుట్టు, నవ్వితే బుగ్గలో గుంట పడుతుంది. ఈ వయసులో కూడా గుంట. ఇవాళ మాత్రం మెట్టు మెట్టుకీ కమ్మీ పట్టుకుంటున్నాడు.

"ఏరా, దొరికానా?" అన్నాడు ఎప్పట్లాగే.

"ఇంకా సగమే అయింది చే గారూ."

"సగం నీ చేతిలో, సగం దేవుడి చేతిలో ఉందన్నమాట. మీ ఆవిడకు చెప్పు, పచ్చడి ఈసారి కారం అదిరిందని. రెండు రోజుల్లో డబ్బా ఖాళీ."

"చెప్తాను."

"నువ్వు చెప్పవు. పోయినేడు చెప్పమన్నదీ చెప్పలేదు. నేను తనకే ఫోన్ చేసి అడిగాలే." మాన్‌బోక్ నవ్వి, మెట్టు మీద ఒక్క నిమిషం ఆగి, ఎడమ భుజం నిమురుకుని కిందికి వెళ్ళాడు.

ఇంటికి ఫోన్ చేశాడా? యోంగ్షిక్ ఆ తర్వాతి వాల్వును అవసరమైనదానికంటే గట్టిగా పట్టుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల గదిలో సోయా ముద్ద పులుసు, వేయించిన మాకెరెల్ చేప, మొలకల కూర. యోంగ్షిక్ కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. మాన్‌బోక్ బల్ల ఎప్పటిలాగే నిండిపోయింది. డాక్టర్ యూ హెరిన్ పళ్ళెం పట్టుకుని అటు చూసి, చోటు లేక, "టాక్ గారూ, కూర్చోవచ్చా?" అంటూ ఇటు వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల. పైపుల సంగతి కాదు, పైపుల దగ్గర మనుషులు చేసే పొరపాట్ల సంగతి పరిశోధిస్తుంది. మాన్‌బోక్‌ను బాబాయ్ అంటుంది. యోంగ్షిక్‌ను టాక్ గారూ అంటుంది. బాబాయ్ అని పిలిపించుకోవాలంటే ఏం చెయ్యాలో యోంగ్షిక్‌కు ఈ వయసులో కూడా తెలియదు.

"మిమ్మల్నొకటి అడగాలి. పదిహేనేళ్ళ కాగితాలు తిరగేశాను. ఇరవై రెండు జతలు. అందరి దగ్గరా రెండో సంతకం దొంగ సంతకమే. తప్పు ఉన్నా పెట్టేస్తారు. నేను కావాలని కొన్ని వాల్వులు తప్పుగా పెట్టించి కూడా చూశాను."

"మా దగ్గరా పెట్టించారా?" యోంగ్షిక్ అన్నం తినే పుల్లలు కింద పెట్టాడు.

"నాలుగుసార్లు. నాలుగూ పట్టుకున్నారు. మీకు గుర్తుండవు, రిపేరుకొచ్చినవాళ్ళు కదిపారని వాళ్ళ పేరు మీదే రాయించాను. మీ జత ఒక్కటే ఇలా ఉంది. అదెలాగండీ?"

పక్క బల్ల నుంచి మాన్‌బోక్ మెడ తిప్పాడు. "నన్నడుగు డాక్టరమ్మా. వాడికి నేనంటే ప్రాణం. నేను తాకిందల్లా తనూ తాకందే వాడికి నిద్ర పట్టదు."

బల్లంతా గొల్లుమంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. యోంగ్షిక్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వులాటలో కూడా గెలుపు వాడిదే. ఆమె ఇచ్చిన ప్రశ్నల కాగితంలో గడులున్నాయి. శిక్షణ, అనుభవం, పరస్పర నమ్మకం, క్రమశిక్షణ. కుళ్ళు అనే గడి లేదు. యోంగ్షిక్ చాలాసేపు వెతికి, కాగితం ఖాళీగానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

భోజనం తర్వాత ఆరో అంతస్తు. మూడింటికి పరీక్ష. రెండొందల డెబ్భై దాటింది లెక్క. మాన్‌బోక్ వాలు పైపు చివర, గాలి పోవడానికి పెట్టిన వాల్వ్ దగ్గరకు యోంగ్షిక్ వచ్చాడు. తెరిచి ఉండాలి. మొదటి గడిలో సంతకం ఉంది. యోంగ్షిక్ అలవాటుగా చక్రం పట్టుకుని ఎడమవైపు తిప్పాడు. తెరిచి ఉంటే కదలకూడదు.

చక్రం తిరిగింది.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ కదిలింది. సూచిక చూశాడు. మూసి ఉంది. టార్చి వేసి చూశాడు. మూసే ఉంది. స్తంభానికి అటువైపు, ఎడమన, నమూనా నీళ్ళు తీసే చిన్న వాల్వ్ ఉంది. అది మూసి ఉండాలి. అది బార్లా తెరిచి ఉంది.

ఏం జరిగిందో యోంగ్షిక్‌కు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. పాత జిరాఫీలో గాలి వాల్వ్ ఎడమవైపు ఉండేది. కొత్తదాంట్లో కుడివైపుకు మార్చారు. మూడేళ్ళుగా కుడివైపే తెరుస్తున్న చెయ్యి ఇవాళ దారి మరిచి, పాత ఇంటికి పోయినట్టు ఎడమవైపుకు పోయింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు అలాంటిది. ఈ సంస్థలో ఈ తప్పు చెయ్యగలిగినవాళ్ళు ఇద్దరే ఉన్నారు.

ఆనందం ఆగలేదు. ఏడో అంతస్తుకెక్కి ఊరంతటికీ వినబడేలా అరవాలనిపించింది. పందొమ్మిదేళ్ళు! అదీ ఎక్కడ? మాన్‌బోక్ వాలు మీదే! ఇలాగే పరీక్ష మొదలుపెట్టి ఉంటే గాలి ఇరుక్కుని, నీళ్ళు దిగక, ఏడాది కష్టపడి అమర్చిన కడ్డీలు మాడి మసైపోయేవి. యోంగ్షిక్ ఫోన్ తీశాడు.

"చే గారూ. తప్పు దొరికింది. గాలి వాల్వ్ మూసి ఉంది."

"తెరిచానే."

"పక్కది తెరిచారు."

"కిందికి రా," అన్నాడు మాన్‌బోక్.

తప్పుగా ఉన్నదాన్ని సరిచెయ్యాలంటే ముందు కింది అంతస్తుకు వెళ్ళి, కడ్డీలకు కరెంటిచ్చే పెద్ద స్విచ్చిని కట్టేసి, పైకెళ్ళే ప్రతి మనిషీ దానికి తన తాళం తను వేసుకోవాలి. ఒకరి తాళం ఇంకొకరు తీయకూడదు. తాళంచెవి ఎవరిది వాళ్ళ జేబులోనే ఉండాలి. పైన మనిషి ఉండగా కింద ఎవడో కరెంటు ఇవ్వకుండా అదొక కట్టు. ఇద్దరూ తాళాలు వేశారు. లిఫ్టులో ఆరో అంతస్తుకు వెళ్ళారు. మాన్‌బోక్ రెండు వాల్వుల్నీ చూశాడు, ఎడమది మూశాడు, కుడిది తెరిచాడు. ఒక్కొక్కటీ తిప్పాక యోంగ్షిక్ చేత్తో పట్టి చూశాడు. ఆ తర్వాత మాన్‌బోక్ మెట్టు మీద కూలబడ్డాడు. మొహమంతా చెమట. నవంబరు చలిలో చెమటేమిటా అని యోంగ్షిక్ అనుకున్నాడు, సిగ్గుతో పట్టిందనుకుని లోపల్లోపల మురిసిపోయాడు.

"రాసుకో," అన్నాడు మాన్‌బోక్. "కాగితం తెచ్చుకున్నావుగా."

"రాస్తాను."

"నెలరోజులుగా ఈ ఎడమ చెయ్యి నా మాట వినడం లేదురా. బుర్ర కూడా మబ్బు పట్టినట్టుంటోంది. సెలవు పెట్టేద్దామనుకున్నా. కానీ నా వెనకాల నువ్వొస్తావుగా. ఏం చేసినా ఆ రాక్షసుడు చూడకుండా వదలడులే అని ధైర్యం. ఇంకొకడైతే ఎప్పుడో ఇంట్లో కూర్చునేవాణ్ణి."

యోంగ్షిక్ గొంతులోకి ఒక మాట వచ్చింది. ఎప్పటిలాగే ఆలోచించుకోబోయింది. ఈసారి దాన్ని వెనక్కి పోనివ్వలేదు.

"ఒరేయ్ మాన్‌బోక్."

మాన్‌బోక్ తలెత్తాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ పిలుపు విని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఈ వాలు నాది. మొదట అన్నది నేను. పాతదాంట్లో, ఇలాంటి మెట్ల మీదే. నువ్వు నూడుల్స్ తింటున్నావు. గాలి ఇరుక్కుంటోందన్నాను. బొటనవేలంత వాలు పెట్టాలన్నాను. మర్నాడు నువ్వు లేచి చెప్పావు."

మాన్‌బోక్ చాలాసేపు పైపు వంక చూశాడు. అబద్ధానికి మాటలు వెతుక్కునేవాడి మొహం కాదది. నిజంగా వెతుకుతున్నాడు.

"నూడుల్స్ గుర్తున్నాయిరా," అన్నాడు చివరికి. "చల్లారిపోయి ముద్దయిపోయాయి. నువ్వన్నది మాత్రం గుర్తు లేదు. నాకే తట్టిందనుకున్నా. ఒట్టు." యోంగ్షిక్ వంక చూశాడు. "నువ్వన్నానంటే అనే ఉంటావు. అబద్ధమాడే తెలివి నీకెక్కడిదిలే. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

యోంగ్షిక్ కళ్ళద్దాల దారం సర్దుకున్నాడు.

"అందుకా నన్ను చే గారూ అంటున్నావు? మీ ఆవిడ నాకు పచ్చడి పంపిస్తోందని కోపమేమో అనుకున్నా." నవ్వబోయాడు, గుంట పూర్తిగా పడలేదు. "పరీక్ష కాగానే డాక్టరమ్మకు చెప్తా. పేరు మార్పించేద్దాం. యోంగ్షిక్ వాలు. వినడానికేం బాలేదనుకో." కమ్మీ పట్టుకుని లేచాడు. "నువ్వు కాగితం రాసిరా. నేను కిందికెళ్ళి మొహం కడుక్కుంటా."

లిఫ్టు తలుపు మూసుకుంది. యోంగ్షిక్ ఒక్కడే మిగిలాడు. పందొమ్మిదేళ్ళు గుండెల మీద కుంపటిలా మోసింది అవతలివాడికి గుర్తయినా లేదు. దొంగతనం జరిగితే కనీసం దొంగయినా ఉండాలి. ఇక్కడ దొంగ కూడా లేడు. పోట్లాడటానికి కూడా ఎవరూ లేని ఖాళీతనం ఒకటి ఆయనను నిలువునా చుట్టేసింది. అయినా జేబులోంచి తప్పు నమోదు కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఎన్నోసార్లు మనసులో రాసుకున్నట్టే రాశాడు. తప్పు చేసినవారు: చే మాన్‌బోక్. గుర్తించినవారు: టాక్ యోంగ్షిక్. తన పేరు రాసేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదించింది. బాగా వచ్చింది.

మిగిలిన వాల్వులన్నీ చూసుకుని కిందికి వచ్చేసరికి మూడు దాటింది. స్విచ్చి దగ్గర మాన్‌బోక్ లేడు. వచ్చి తాళం తీస్తే గాని పరీక్ష మొదలవదు. పావుగంట చూశాడు. ఎక్కడ కూర్చుని ఎవరిని నవ్విస్తున్నాడో అనుకున్నాడు. అప్పుడే బట్టలు మార్చుకునే గది వైపు నుంచి ఊడ్చే ఆవిడ కేక వినిపించింది.

మాన్‌బోక్ బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. ఒక బూటు విప్పి ఉంది. మొహం కడుక్కున్నట్టున్నాడు, ముంగురులు తడిగా ఉన్నాయి. అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. నాలుగున్నరకు ఆసుపత్రి నుంచి విభాగం పెద్ద బేక్ ఫోన్ చేశాడు. గుండె అన్నారు. దారిలోనే అన్నారు.

కింది అంతస్తులో నలభైమంది పోగయ్యారు. డాక్టరమ్మ హెరిన్ టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, "బాబాయ్, బాబాయ్" అంటూ ఏడుస్తోంది. మూలనున్న క్రేన్ డ్రైవరు కూడా ఏడుస్తున్నాడు, ఎవరితోనూ మాట్లాడని మనిషి. యోంగ్షిక్ వాళ్ళను చూశాడు. తను పోతే వీళ్ళలో ఎవరైనా ఏడుస్తారా అనిపించింది. ఇప్పుడు కూడా, ఈ క్షణంలో కూడా, వాడి చావు చూసి కూడా కుళ్ళుకుంటున్నానని తెలిసి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం వెనకాలే ఇంకొకటి వచ్చింది. రేపు పొద్దున మొదటి గడిలో ఎవరి సంతకం ఉంటుంది? ఎవరిదైతేనేం. ఇంకొకరి తప్పు కోసం అంతగా వెతకడానికి ఆయనకు మనసెక్కడ మిగిలింది? ఇరవై తొమ్మిదేళ్ళలో తన మనిషి అంటూ ఒకడున్నాడంటే, వాడే.

ఆసుపత్రి నుంచి బేక్ ఆరింటికి తిరిగొచ్చాడు. యోంగ్షిక్ తప్పు నమోదు కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

బేక్ చదివి, కళ్ళెత్తి చూశాడు. "ఇప్పుడిదెందుకయ్యా? ఆయన మచ్చలేకుండా పోయాడనుకుంటారు జనం. చించెయ్."

"చించను," అన్నాడు యోంగ్షిక్. గొంతు ఎక్కడా ఆగలేదు. "వాడు తప్పు చేశాడు. నేను పట్టుకున్నాను. రాసి ఉండాలి. కింద చదవండి."

కింద, నివారణ అన్న గడిలో, తర్వాత రాసిన రెండు వరసలున్నాయి. ఎడమ వాల్వ్ చక్రం తీసేయాలి. పాతదాని మీద పనిచేసిన చెయ్యి ఎవరిదైనా, ఎంత మంచిదైనా, అటే పోతుంది.

బేక్ కాగితం మడిచి పెట్టుకున్నాడు. "సరే. పరీక్ష రేపటికి వాయిదా. కానీ ఆ తాళం ఇవాళే తీసేయాలి, రాత్రి కరెంటువాళ్ళు వస్తారు. తాళంచెవి ఆయన జేబులో ఆసుపత్రిలో ఉంది. తెగ్గొట్టడానికి పత్రం తెచ్చాను. జతగాడి సంతకం కావాలి." ఆయన వెనకాల ఒకతను పెద్ద కత్తెర పట్టుకుని నిలబడ్డాడు.

యోంగ్షిక్ పత్రం చదివాడు. తాళం యజమానిని సంప్రదించారా? సంప్రదించలేదు. యజమాని తిరిగి వచ్చే అవకాశం ఉందా? ఆ గడి దగ్గర కలం ఆగింది. ఇలాంటి గడుల్లో చేత్తో పట్టి చూడకుండా ఆయన ఎప్పుడూ రాయలేదు.

"నేను ఆసుపత్రికి వెళ్ళి చూడాలి," అన్నాడు. "చూశాక పెడతాను."

"నేను చూసొచ్చానుగా యోంగ్షిక్."

"మీది మొదటి సంతకం."

బేక్ కత్తెరవాణ్ణి వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు. యోంగ్షిక్ తన తాళం తీసి జేబులో వేసుకుని, కోటు తొడుక్కుని, దొడ్డికాళ్ళతో గబగబా బస్సు వైపు నడిచాడు.

స్విచ్చి మీద ఒక్క ఎర్ర తాళమే మిగిలింది. దానికి వేలాడే అట్టముక్క మీద మాన్‌బోక్ చిన్న ఫోటో ఉంది, ఫోటో కింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: నేను పైన పనిలో ఉన్నాను, వచ్చేదాకా తీయకండి.